పేరు లేని రీలు

సాయంత్రం నాలుగున్నరకి భార్గవ చొక్కా ఇస్త్రీ చేస్తూ కాలరు కాల్చుకున్నాడు. ఆరున్నరకి ఫిలిం సొసైటీ హాల్లో మాట్లాడాలి. మైకు ముందు నిలబడడం అదే మొదలు.

మహా దర్శకుడు కొమరవోలు శేషాద్రి తీసిన ‘ఎనిమిదో మెట్టు’ని జనం పట్టించుకోలేదనీ, నిజానికి ఆయన సినిమాలన్నిటిలోకీ అదే గొప్పదనీ భార్గవ పత్రికలో రాశాడు. సొసైటీవాళ్లు అది చదివి, ఆ సినిమా వేస్తున్నాం, వచ్చి ఆ మాటే చెప్పమన్నారు. ముందు వరసలో శేషాద్రి కుటుంబం కూర్చుంటుంది. రాసినప్పటి ధైర్యం ఇప్పుడు లేదు.

ఆ చొక్కాతోనే గురువు దగ్గరికి పరుగెత్తాడు. జలాలుద్దీన్ చాలా ఏళ్లు సినిమాలు ఎడిట్ చేసినవాడు. భార్గవకి సినిమా చూడడం నేర్పింది ఆయనే.

“ఉస్తాద్, ఆ సినిమాకి నిజంగా అన్యాయం జరిగిందా?”

“కాలరు కాలిందేం?”

“ఎవరైనా లేచి అడిగితే ఏం చెప్పను?”

“కాలరు గురించా? శాలువా కప్పుతార్లే, కనపడదు. కూర్చో బేటా.”

ఆయన తుప్పుపట్టిన డబ్బాలోంచి ఒక రీలు తీసి ఎడిటింగ్ యంత్రానికి ఎక్కించాడు.

చిన్న తెర మీద ఒకామె అద్దెకి దిగిన ఇంట్లో సామాను సర్దుకుంటోంది. భర్త బయట లారీవాడితో పోట్లాడుతున్నాడు, గొంతు మాత్రమే వినిపిస్తోంది. ఆమె అద్దం పట్టుకుని గదంతా తిరిగింది. చివరికి దాన్ని గోడవైపు తిప్పి ఆనించింది.

రీలు అయిపోయింది. భార్గవ గడియారం చూసుకోలేదు.

“శేషాద్రిగారి తొలిరోజులది కదూ? ఇంకెవరు తీయగలరు ఇలా?”

“ఆయనది కాదు.”

“మరెవరిది?”

జలాలుద్దీన్ రీలు వెనక్కి చుట్టి, డబ్బాలో పెట్టి, మూత నొక్కాడు.

“వెళ్లు. ‘ఎనిమిదో మెట్టు’కి హాలు నిండిందట.”

మైకు ముందు భార్గవ రాసుకొచ్చిన కాగితాలు జేబులోంచి తీయలేదు.

“ఈ సినిమా నాకు ఇష్టం. ఎందుకిష్టమో చెప్తాను. అన్యాయం సంగతి నాకింకా తెలీదు.”

ముందు వరసలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. శాలువా మాత్రం కప్పారు.

వారం తర్వాత, ఒకప్పుడు ఫిలిం ల్యాబులో పనిచేసిన ఒకాయన కనిపిస్తే ఆ అద్దం సీను గురించి అడిగాడు. ఆ సీను తీసిన దర్శకుడికి అదొక్కటే సినిమా అని ఆయన చెప్పాడు. అది విడుదల కాలేదు. మిగతా రీళ్లన్నీ, ఫిలింలో ఉండే కాస్త వెండి కోసం, కరిగించేశారు.