చౌడమ్మ చంటోడు, చింతచెట్టు దయ్యం

దుప్పటి లాక్కోకండర్రా, ఇద్దరికీ సరిపోతుంది. అనగనగా, మన ఊరూ కాదు, పక్కూరూ కాదు, ఆ అవతలి ఊళ్ళో చౌడమ్మ అని ఒక నేతమనిషి ఉండేది. మొగుడు చీరల మూట నెత్తిన పెట్టుకుని సంతకి పోయాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. పెద్దదానికి జడ వెయ్యాలి, జడ వేస్తే పూలు పెట్టాలి, పూలు పెడితే నడిపిదానికీ కావాలి, నడిపిదానికి జడకి జుట్టే లేదు, లేదని అది ఏడవాలి, దాని ఏడుపుకి చంటోడు లేవాలి. చంటోడు లేస్తే మగ్గం ఆగాలి. ఊ కొట్టండి మరి, నాలో నేనే చెప్పుకోవాలా?

ఆవేళ దీపాలవేళకి రాణిగారి చీర కోసం భటుడు వస్తానన్నాడు. ఇంకా జానెడు నేత మిగిలే ఉంది. చంటోడా, చంక దిగడు, దింపితే ఊరుకోడు, ఊపితే నిద్రపోడు. పొద్దుట్నించీ చౌడమ్మ నోట్లో ఒక్క మెతుకు పడలేదు పాపం. పిల్లలంటే ప్రాణమే. ప్రాణం మీద కూడా ఒక్కోసారి విసుగొస్తుందమ్మా. మిట్టమధ్యాహ్నం వేళ నోరు జారింది. ఏ దయ్యమైనా వచ్చి వీణ్ణి నిద్రపుచ్చితే దానికే ఇచ్చేస్తాను పొమ్మంది. అలా అనకూడదు, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. మీ అమ్మ కూడా ఇందాక వంటింట్లో ఇలాంటిదే ఏదో అనబోయి, నన్ను చూసి మింగేసింది.

చౌడమ్మ అలా అన్న కాసేపటికే గుమ్మంలో ఒక ముసలమ్మ. తెల్లచీర నేలమీద జీరాడుతోంది. పిల్లాణ్ణి నేను చూస్తాలే, నువ్వు పని చూసుకోమంది. చౌడమ్మకి దేవతే దిగొచ్చినట్టయింది. చంటోణ్ణి దాని చేతిలో పెట్టి, మగ్గం గుంటలో కాళ్ళు దించి కూచుంది. పోగు లాగే నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. టకటక, టకటక. ముసల్ది ఉయ్యాల ఊపింది. చంటోడి రెప్పలు వాలుతున్నాయి.

గుంటలో కూచున్నవాళ్ళకి కళ్ళు నేలకి దగ్గరగా ఉంటాయి కదా. చౌడమ్మ ఊరికే అటు చూసింది. ముసల్దాని చీర అంచు కింద మడమలు ముందుకీ, వేళ్ళు వెనక్కీ ఉన్నాయి. దగ్గరికి జరగండి, నేనున్నాగా.

నాడె జారి పోగు తెగింది. మగ్గం ఆగింది. ఆగిందో లేదో చంటోడు కెవ్వుమన్నాడు. గబగబా పోగు అతికి మళ్ళీ నేసింది. వాడు ఊరుకున్నాడు. అప్పుడు తెలిసింది చౌడమ్మకి. కడుపులో ఉన్నప్పట్నించీ వాడు విన్నది ఆ టకటకే. ఇన్నాళ్ళూ వాడు ఏడుస్తున్నాడని తను మగ్గం ఆపేది, మగ్గం ఆగిందని వాడు ఇంకా ఏడ్చేవాడు. ఇప్పుడు నేస్తే వాడు నిద్రపోతాడు, దయ్యం ఎత్తుకుపోతుంది. ఆపితే రాణిగారికి కోపమొస్తుంది. ఏం చేసిందనుకుంటున్నారు? నాడె తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఎందుకాపావని దయ్యం అడిగింది.

"పోగు తెగిందవ్వా, అతుకుతున్నాను" అంది చౌడమ్మ.

అతికింది, విప్పింది, మళ్ళీ అతికింది. దయ్యం ఊపింది, పాడింది, భుజాన వేసుకుని తిరిగింది. చంటోడు దాని జుట్టు పట్టుకుని పీకాడు. ఆడపిల్లలిద్దరూ చేరారు. అవ్వా, నీ కాళ్ళెందుకు అటున్నాయి? అటుంటే ఎటు నడుస్తావు? ఎటు నడిస్తే ఎటు పోతావు? పిల్లలు ఒకసారి అడిగి ఊరుకుంటారా, మీరు ఊరుకుంటారా? దయ్యానికి నడుం పడిపోయింది, చెవులు దిబ్బెళ్ళేశాయి. ఇంతలో పొద్దు వాలింది. చౌడమ్మ లేచి దీపం పెట్టేసింది. దయ్యం చంటోణ్ణి తెచ్చి ఆవిడ ఒళ్ళో పడేసింది.

"నీ పిల్లలు నీకే ఉండనీ తల్లీ. నా చింతచెట్టే నాకు హాయి" అని వెనక్కి తిరక్కుండా పోయింది.

చౌడమ్మ పిల్లాణ్ణి గుండెలకి హత్తుకుని ఏడ్చేసింది. భటుడొస్తే జరిగింది జరిగినట్టు చెప్పింది, వాడు పోయి రాణిగారికి చెప్పాడు. రాణిగారి ఒళ్ళోనూ ఓ చంటిపిల్ల ఉందిట. ఆవిడ మాత్రం ఏ మధ్యాహ్నమో ఏదో ఒకటి అనకుండా ఉంటుందా? రేపిచ్చినా ఫర్వాలేదని కబురంపింది. చౌడమ్మ మళ్ళీ గుంటలో కూచుని టకటకలాడించింది. చంటోడు హాయిగా పడుకున్నాడు, చీరా అయింది.

అందుకే విసుగొచ్చినా నోట మంచిమాటే రావాలి. అప్పట్నించి వాడెంత సతాయించినా చౌడమ్మ, "నా బంగారుకొండా, ఇంకా నిద్ర రాలేదా నాన్నా" అనే అనేది. పళ్ళు కొరుక్కుంటూ అనేదిట, అది వేరే సంగతి.

కథ కంచి దారి పట్టింది. మనం ఇంట్లోనే ఉన్నాం, ఇక కళ్ళు మూసుకోండి నా బంగారుకొండలూ.