ఏడు తాళాల మేడకి ఒక కిటికీ

ఒక పట్నంలో ఒక మేడ ఉండేది. బయటినుంచి చూస్తే నూరిళ్ళు. లోపల ఉన్నది ఒకటే హాలు.

మేడ యజమానికి నూరిళ్ళు కట్టే ఓపిక లేదు. నూరిళ్ళ అద్దె మీద మాత్రం మనసుంది. అందుకని ఒక్క పెద్ద హాలు కట్టించి, అడ్డంగా నిలువుగా గుడ్డలు దింపి, వాటిమీద రాళ్ళు పేర్చినట్టు రంగు వేయించాడు. ప్రతి గుడ్డగదికీ ముందువైపు మాత్రం నిజమైన టేకు తలుపు పెట్టించి, దానికి ఏడు తాళాలు వేయించాడు. అద్దెకి దిగినవాళ్ళు లోపలికెళ్ళి, చుట్టూ చూసుకుని, తమకీ ఒక కోట ఉందని మురిసిపోయేవారు. ఆ గోడని వేలితో పొడిచి చూసిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

వాళ్ళందరూ అక్కడ దాచుకునేవి కాగితాలు. వీలునామాలు, ఒప్పందాలు, రోగుల వివరాలు, ఇంట్లో ఉంచుకోలేని ఉత్తరాలు. తలుపు దగ్గర మీసాల కాపలాదారు నిలబడి, వచ్చినవాళ్ళ పేరడిగి, వేలిముద్ర చూసి, సాక్షిని పిలిపించి, అప్పుడు ఒక్కో తాళం తీసేవాడు. చూసేవాళ్ళకి అదొక వేడుక.

అద్దెకున్నవాళ్ళలో ఒక మంత్రసాని ఉంది. నలభై ఐదేళ్ళుగా ఆ పట్నంలో పురుళ్ళు పోస్తోంది. ఆమె దాచింది ఒకే ఒక పుస్తకం. కని పెంచుకోలేక బిడ్డని ఇంకొకరి ఒడిలో పెట్టిన ముప్ఫైమంది ఆడవాళ్ళ పేర్లు, ఏ బిడ్డ ఏ ఇంటికి చేరిందో ఆ వివరం అందులో ఉన్నాయి. ఏనాటికైనా ఆ బిడ్డ వచ్చి మా అమ్మెవరని అడిగితే చెప్పాలి కదా అని రాసింది. అప్పటిదాకా ఎవరి కంటా పడనివ్వనని ఆ తల్లుల చేతిలో చెయ్యేసి చెప్పింది. వాళ్ళలో కొందరు ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంటున్నారు. పుస్తకం బయటికొస్తే వాళ్ళ బతుకులు బజారున పడతాయి.

మేడకి ముందు ఒక కిటికీ ఉంది. మేడ ఎప్పుడు తెరుస్తారు, సెలవులెప్పుడు, అద్దె ఎంత, ఇలాంటి కాగితాలు కిటికీ వెనక బల్లమీద ఉండేవి. ఎవరడిగినా వాటికి నకలు రాసివ్వడానికి ఒక బంట్రోతు కూర్చునేవాడు. బల్లమీద కాగితాలు రోజూ తారుమారవుతూ ఉంటాయి గనక యజమాని వాడికొక తేలిక పద్ధతి నేర్పాడు. అడిగినవాళ్ళు ఎటు నడవమంటే అటు నడువు, అక్కడున్నదాన్ని నకలు రాసి చేతిలో పెట్టు, అంతే. లోపల తిరిగేటప్పుడు ప్రతివాడూ ఆపి ప్రశ్నిస్తుంటే ఆలస్యమవుతోందని తన సొంత ముద్ర ఉన్న బిళ్ళ కూడా వాడి నడుముకి కట్టించాడు. ఆ బిళ్ళ చూస్తే ఏ కాపలాదారూ ఆపడు. ఇంత తెలివితక్కువ పని చెయ్యడానికి చాలా తెలివైనవాళ్ళు నలుగురు కూర్చుని ఆలోచించారు.

ఒకరోజు పొద్దున్న మంత్రసాని సెలవుల కాగితం కోసం కిటికీ దగ్గరికెళ్ళింది. ఆమెకి ముందు గొడుగు పట్టుకున్న ఒక బక్కమనిషి నిలబడి ఉన్నాడు.

"బల్ల దగ్గర్నుంచి వెనక్కి ఒకడుగు," అన్నాడతను. "ఇంకొకడుగు వెనక్కి. ఇంకొకటి. గుడ్డ పైకెత్తు. కుడివైపు ఎర్రపెట్టెలో పైనున్న కాగితం."

బంట్రోతు చెప్పినట్టే వెళ్ళాడు. కాసేపటికి వచ్చి నకలు అందించాడు. గొడుగాయన చదువుకుని, నవ్వుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అది ఒక వైద్యుడు దాచుకున్న కాగితం. పైన అతని పేరు ఆమె కళ్ళారా చూసింది.

తన పుస్తకమూ ఇలాగే వస్తుందా అని మంత్రసానికి అనుమానమొచ్చింది. ముందుకి జరిగి, "వెనక్కి ఆరడుగులు, ఎడమకి తొమ్మిదో గుడ్డ, చెక్కపెట్టెలో పుస్తకం, మొదటి పేజీ," అంది.

వచ్చింది. తన పుస్తకమే. బంట్రోతు గుండ్రటి అక్షరాల్లో, మొదటి తల్లి పేరుతో సహా.

"ఇదిలా ఇచ్చేశావేంటయ్యా?" అంది.

"అడిగారు కదమ్మా."

"నేనెవరో అడగవా?"

"అది తలుపు దగ్గర అడుగుతారమ్మా. ఇది కిటికీ."

వాడి మొహంలో మోసం లేదు. ఉన్నా బాగుండునని ఆమెకి అనిపించింది.

మేడ వ్యవహారాలు చూసే దివానుగారి దగ్గరికి పరుగున వెళ్ళింది. ఆయన విన్నాడు, ఆవులించాడు, తొమ్మిదో గదికి మనిషిని పంపాడు. పుస్తకం పెట్టెలోనే ఉందని కబురొచ్చింది.

"ఉంది కదా. ఇంకేం పోయిందమ్మా నీకు?"

"పుస్తకం పోలేదు బాబుగారూ. అందులో ఉన్నది పోతోంది."

"చదివితే అరిగిపోతుందా?" అని ఆయన తన మాటకి తనే నవ్వాడు. పక్కనున్న గుమస్తాలు కూడా నవ్వారు, జీతగాళ్ళు కదా.

ఆమె నకలు చూపించింది. ఆయన నవ్వు ఆగిపోయి కోపం వచ్చింది. ఆ కోపం కిటికీ మీద కాదు, ఆమె మీద. అక్కర్లేని పరీక్షలు చేసి మేడ పరువు తీస్తున్నావని కేకలేశాడు. అయినా సంగతి యజమాని దాకా వెళ్ళింది. యజమాని అడిగింది ఒక్కటే ప్రశ్న.

"ఎంతమందికి తెలుసు?"

"ఈ ముసలమ్మకి, ఎవరో గొడుగాయనకి," అన్నాడు దివానుగారు.

"అయితే చిన్న విషయమే," అన్నాడు యజమాని.

చిన్న విషయానికి చిన్న మందు వేశారు. ఇకమీదట ఎవరు 'వెనక్కి' అన్నా వినిపించుకోవద్దని బంట్రోతుకి చెప్పి, లోపం సరిచేశామని బయట బోర్డు రాయించారు. మర్నాడు మంత్రసాని వెళ్ళి నిలబడింది. గొడుగాయన బోర్డు చదివి, బంట్రోతుతో మర్యాదగా, "మొహం అటు తిప్పు నాయనా. ఇప్పుడు ముందుకి నడు," అన్నాడు. ఎవరూ వెనక్కి అననందుకు బంట్రోతు సంతోషంగా నడిచాడు. ఆరోజు గొడుగాయన అయిదో గుడ్డ దాకా వచ్చాడు. ఆమె మొదట చూసిన రోజు మూడో గుడ్డ దగ్గరే ఉన్నాడు.

నా పుస్తకం నాకిచ్చెయ్యండని ఆమె తలుపు దగ్గర అడిగింది. కాపలాదారు మీసం సవరించుకున్నాడు. అర్జీ పెట్టుకోవాలి, ముగ్గురు పెద్దలు సంతకాలు చెయ్యాలి, నలభై రోజులు ఆగాలి. ఇది అల్లాటప్పా మేడ కాదు, ఎవరుబడితే వాళ్ళు పట్టుకుపోవడానికి, అన్నాడు. లోపల కూర్చుని రాసుకోవడానికి మాత్రం ఎప్పుడైనా రావచ్చట.

ఆమె ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంది. చేతిలో చెయ్యేసిన ఆ ముప్ఫైమందీ ఒక్కొక్కళ్ళే గుర్తొచ్చారు. ఒళ్ళు మండిపోయింది. మర్నాడు కలం పట్టుకుని, వేలిముద్ర వేసి, సాక్షిని తెచ్చుకుని, ఏడు తాళాలూ తీయించుకుని లోపలికెళ్ళింది. మూడు రోజులు పొద్దుగూకేదాకా రాసింది. పంక్తికీ పంక్తికీ మధ్య, పేజీల అంచుల్లో, ఖాళీ కనిపించిన ప్రతిచోటా. నలభై ఐదేళ్ళలో తను పురుడు పోసిన ప్రతి ఆడదాని పేరూ రాసి, ఆమె ఒక బిడ్డని ఫలానా ఇంట్లో పెట్టిందని పక్కన చేర్చింది. అది పాపమని ఆమెకి తెలుసు. ఏ పాపమూ ఎరగని వాళ్ళ పేర్లు రాస్తున్నప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంది, కానీ కలం ఆపలేదు.

నాలుగోరోజు గొడుగాయన తొమ్మిదో గుడ్డ ఎత్తించాడు. పుస్తకం మొత్తానికి నకలు రాయించుకుని, బేరానికి మొదట డబ్బున్న ఇంటికే వెళ్ళాడు. అది దివానుగారి ఇల్లు. సాయంత్రానికల్లా దివానుగారు తలపాగా కూడా లేకుండా మంత్రసాని వీధిలో ఉన్నాడు, చేతిలో కాగితంతో.

"నా భార్య పేరు రాస్తావా? నీకెంత పొగరు!"

"బాబుగారూ, ఆ పుస్తకం మీ మేడలో ఏడు తాళాల వెనక ఉంది. తమరెలా చదివారు?"

దివానుగారు కాగితం మడిచి కండువా కింద దాచుకున్నాడు.

గొడుగాయన ఇంకో మూడిళ్ళు తిరిగాడు. నాలుగో ఇంట్లో నకలు విప్పేసరికి తన తల్లి పేరు కనపడింది. ఆ కాగితాలు కాలవలో పారేసి ఊరొదిలి పోయాడు. అయినా అప్పటికే అమ్మిన కొన్ని పేజీలు చేతులు మారాయి. పక్కింటివాళ్ళని వేలెత్తి చూపిద్దామని కొన్నవాడికి రెండు పంక్తుల కింద తన ఇల్లే కనపడింది. ఎవరి నోరూ లేవలేదు.

ఆ వారమంతా పట్నంలోని ఆడవాళ్ళు వచ్చి మంత్రసాని గుమ్మంలో నిలబడి తిట్టిపోశారు. ఆమె తలొంచుకుని విన్నది. అసలు ముప్ఫైమందీ కూడా వచ్చారు. వాళ్ళు అందరికంటే గట్టిగా తిట్టారు. అప్పుడు ఆమె మనసు కాస్త కుదుటపడింది.

ఒక పేజీ యజమానికీ అందింది. అందులో అతని తల్లి పేరుంది. ఇన్నాళ్ళూ చిన్నదైన విషయం ఆ పూటే పెద్దదైపోయింది. తాపీమేస్త్రీలు వచ్చి గంటలో కిటికీ పూడ్చేశారు. బంట్రోతు నడుమున్న బిళ్ళ ఊడదీశారు. ముగ్గురు పెద్దలూ పరిగెత్తుకొచ్చి సంతకాలు చేసి, నలభై రోజులు పట్టే పుస్తకాన్ని పావుగంటలో మంత్రసాని ఇంటికే పంపారు. గుడ్డగోడలు మాత్రం అలాగే ఉంచారు. ఈసారి రంగు ఇంకొంచెం చిక్కగా వేయించారు.

తరవాత వారానికి ఒక మధ్యాహ్నం యజమాని మంత్రసాని ఇంటికొచ్చాడు. బండీ లేదు, వెంట మనుషులూ లేరు. ఆమె వాకిట్లో శొంఠి దంచుతోంది. అతను అరుగుమీద కూర్చున్నాడు. జేబులోంచి ఆ పేజీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నకల్లో అన్నీ ఒకే చేతిరాత," అన్నాడు. "మా అమ్మ పేరు నువ్వు ఎప్పుడు రాశావు? మొన్ననా, అప్పుడెప్పుడో పురుడు పోసిన రోజుల్లోనా?"

"అమ్మగారు బాగున్నారా?"

"బాగానే ఉంది."

"అయితే ఆవిడ్నే అడగండి."

అతని మొహం ఎర్రబడింది. "ఆవిడ్ని ఆ మాట ఎలా అడగను? ఏ కొడుకైనా అడుగుతాడా?"

మంత్రసాని రోకలి పక్కన పెట్టి, చెంబుతో మంచినీళ్ళు తెచ్చి అతని ముందుంచింది.

"అది ఎవరూ ఎవర్నీ అడగకూడదనే కదా బాబూ," అంది, "ఇన్నేళ్ళూ నేను మీకు అద్దె కట్టింది."