నెమరు మానేసిన పుల్లడు

ఎద్దులు మాట్లాడతాయా అని సందేహపడేవాళ్ళకు ముందే చెబుతున్నాను, మాట్లాడతాయి. మనలాగా పని మానేసి మాట్లాడవు కాబట్టి మనకు వినబడదు, అంతే.

ఏటి ఒడ్డున చెరకు తోటల నడుమ సన్యాసినాయుడి గానుగ పాక ఉంది. మాఘమాసం వచ్చిందంటే అక్కడ బెల్లం వండుతారు. గానుగ తిప్పేవి రెండెద్దులు. పెద్దవాడు మైలడు, చిన్నవాడు పుల్లడు. ఎనిమిదేళ్ళుగా ఇద్దరిదీ ఒకే కాడి. గుండ్రంగా తిరిగేటప్పుడు లోపలి ఎద్దుకు నడక తక్కువ, బయటి ఎద్దుకు ఎక్కువ. అందుకని పొద్దున ఒకడు బయట నడిస్తే మధ్యాహ్నం నుంచి రెండోవాడు బయట నడిచేవాడు. ఈ పద్ధతి పెట్టింది నాయుడి తాత. ఆయనకు ఎద్దుల గురించి తప్ప ఇంకేమీ తెలియదు కాబట్టి ఆ పద్ధతి ఇన్నాళ్ళు నిలిచింది.

మిట్టమధ్యాహ్నానికి పెనంలో పానకం పాకానికొస్తుంది. అప్పుడు మనుషులంతా పెనం చుట్టూ చేరతారు. గానుగ ఆగిపోతుంది. విప్పేసిన ఎద్దులు రెండూ పాక వెనక చెరకు గుట్ట పక్కన పడుకుని నెమరు వేసుకునేవి. మధ్యమధ్యలో కాడి ఒరుసుకున్న చోట ఒకరి మెడ ఒకరు నాకేవారు. సాయంత్రం పనికి ఆ బలమే పెట్టుబడి.

ఈ ఏర్పాటు వల్ల నష్టపోయింది ఒక్క నక్క. దానికి చెరకంటే ప్రాణం. గుట్ట దగ్గర మనుషులుండనిది ఆ ఒక్క వేళే, ఆ వేళకు అక్కడ నాలుగు కొమ్ములు కాపలా. బలం పనికిరాదని తేలాక అది నోటిని నమ్ముకుంది.

ఒక సాయంత్రం పుల్లడు ఒంటరిగా ఏట్లో నీళ్ళు తాగుతుంటే పక్కకు చేరింది.

"పుల్లయ్యగారూ, దండాలండీ."

పుల్లడు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. పుట్టి బుద్ధెరిగాక తనను గారూ అన్నవాళ్ళు లేరు.

"గానుగంతా మీ మెడ మీదే తిరుగుతోందని నాలుగూళ్ళ గొడ్లూ చెప్పుకుంటున్నాయండి" అంది నక్క.

"నాదొక్కడిదే ఏముంది? మైలన్న కూడా లాగుతున్నాడు కదా."

"లాగుతున్నాడు, పాపం. పెద్దాయన. ఆయన్ని నేనేమీ అనను" అని నక్క నిజంగానే ఏమీ అనకుండా ఊరుకుంది. ఏమీ అనకుండా అనడంలో దాన్ని మించినవాళ్ళు లేరు.

"ఏదో దాస్తున్నావు. చెప్పు."

"ఏం లేదండి. పోయినేడు అవతలి ఊరి గానుగ నుంచి ఒక ఎద్దును సంతకు తోలేశారు. మధ్యాహ్నం పూట పడుకుంటోందని."

"పడుకోక? నెమరు వెయ్యొద్దూ?"

"నెమరంటే ఏంటండీ, తిన్నదే మళ్ళీ తినడం. రైతు కంటికి అది నెమరులా కనిపిస్తుందా? గొడ్డు పడుకుని దవడలాడిస్తున్నట్టు కనిపిస్తుంది. మీలాంటి పనిమంతుడు ఆ కాసేపూ గానుగ దగ్గరే నిలబడితే, మిమ్మల్ని సంతకు తోలే మొనగాడెవడు?"

సంత మాటకు పుల్లడు నీళ్ళు తాగడం ఆపేశాడు. సంతకెళ్ళిన ఎద్దు తిరిగి రావడం వాడెప్పుడూ చూడలేదు. ఒక పక్క ఆ భయం, ఇంకో పక్క ఆ "గారూ". వాణ్ణి మునగచెట్టు ఎక్కించడానికి ఆ రెండూ సరిపోయాయి.

మర్నాడు మధ్యాహ్నం కాడి విప్పినా పుల్లడు కదల్లేదు. నాయుడు ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యం తీరాక సంతోషించాడు. సంతోషం తీరాక, గానుగలో చెరకు పెట్టడానికి ఒక మనిషిని పిలిచి, పుల్లణ్ణి ఒంటరిగా కాడికి కట్టాడు. అడగకుండా వచ్చిన చాకిరీని కాదనే యజమాని ఇంకా పుట్టలేదు.

రెండో రోజు మైలడు పిలిచాడు. "రా తమ్ముడూ, కాసేపు నడుం వాల్చు. ఆ మెడ చూడు, ఎంత కందిపోయిందో."

"తీరిక లేదన్నా. అందరం పడుకుంటే గానుగ తిప్పేదెవరు?"

"సాయంత్రం మనమే తిప్పుతాం కదరా."

"నువ్వు తిప్పేది చూస్తూనే ఉన్నాగా. నీవల్ల నా నడక కూడా మందగిస్తోంది. సోమరితనం మరిగావు నువ్వు."

మైలడి దవడ నెమరు మధ్యలో ఆగిపోయింది. వాడికి కోపం కన్నా బాధ ఎక్కువ కలిగింది. లేచి, గట్టు అవతల తుమ్మచెట్టు కిందికి పోయి పడుకున్నాడు. ఇక్కడ గుట్ట దగ్గర కాపలా లేకుండా పోయింది. నక్క తీరిగ్గా వచ్చి, మంచి గడలు ఏరుకుని, పిప్పి ఊసుకుంటూ భోంచేసి వెళ్ళింది.

నాలుగు రోజులకు పుల్లడి మెడ పుండు పడింది. నాకేవాడు లేడు. ఏటి దగ్గర నక్కతో చెప్పుకున్నాడు.

"పుండంటారేంటండీ? పనిమంతుడికి అది పతకం" అంది నక్క, పళ్ళలో ఇరుక్కున్న పీచు తీసుకుంటూ.

ఎద్దు పుండు కాకికి నొప్పా అని సామెత. కాకి కనీసం పుండును పుండు అనుకునే పొడుస్తుంది.

అయిదో రోజు మధ్యాహ్నం పుల్లడి ఎడమ డొక్క ఉబ్బిపోయింది. తిన్నది తిన్నట్టే లోపల ఉండిపోయి, ఊపిరి పైకి రావడం లేదు. గానుగ చుట్టు సగంలో ఉండగా కాళ్ళు మడత పడి కూలిపోయాడు. నాయుడు వచ్చి డొక్క మీద తట్టాడు. డప్పులా మోగింది.

"ఇది ఇంక పనికొచ్చేట్టు లేదురా. ఆదివారం సంతకు తోలేద్దాం" అన్నాడు.

పుల్లడు ఆ మాట విన్నాడు. వినడం తప్ప ఇంకేమీ చేయలేని స్థితిలో విన్నాడు.

నాయుడు పొరుగువాళ్ళ ఎద్దును తెచ్చి మైలడికి జతకట్టాడు. మైలడు పడుకున్నాడు. అదిలించారు, లేవలేదు. ములుగర్రతో పొడిచారు, లేవలేదు. పొరుగెద్దు మర్యాదగా పక్కకు చూస్తూ నిలబడింది. పెనం కింద మంట ఆరిపోతోంది, గానుగ కదలదు. పుల్లడు లేనిదే మైలడు లేవడని తెలిసి చివరికి నాయుడే దిగొచ్చాడు. వాము, ఇంగువ, అల్లం నూరి మజ్జిగలో కలిపి, వెదురు గొట్టంతో పుల్లడి గొంతులో పోయించాడు. "రెండ్రోజులు చూద్దాంలే" అన్నాడు.

కాడి విప్పగానే మైలడు లేచి వచ్చి పుల్లడి పక్కన పడుకుని మెడ నాకడం మొదలెట్టాడు.

"అన్నా, నన్ను సంతకు తోలేస్తారా?"

"నెమరు వేస్తే తోలరు."

"నిన్ను సోమరివన్నాను."

"అన్నావు. చాలా కష్టం వేసింది. మూతి ముడుచుకుని తుమ్మచెట్టు కిందికి పోవడంలో నాదీ తప్పే. ఈ మాటలు నీవి కావు, ఎవరివిరా అని అప్పుడే అడగాల్సింది."

"నక్కవి."

"నక్కకు గానుగతో ఏం పని?"

పుల్లడు ఆలోచనలో పడ్డాడు. అయిదు రోజులుగా ఆ ప్రశ్న వేసుకోవడానికి వాడికి తీరిక దొరకలేదు. "చెరకు గుట్ట!" అన్నాడు చివరికి. అనగానే పెద్ద తేన్పు వచ్చింది. దాని వెనకే మొదటి నెమరు ముద్ద నోట్లోకి వచ్చింది. పుల్లడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గడ్డికి అంత రుచి ఉంటుందని వాడికి ఆ రోజే తెలిసింది.

మూడో రోజు పొద్దున్నే నాయుడు ఇద్దరినీ కాడికి కట్టి, చెరకు కొట్టించుకు రావడానికి మనుషుల్ని, రెండు కుక్కల్ని వెంటేసుకుని తోటలోకి వెళ్ళాడు. పరిస్థితి చూసిపోదామని నక్క వచ్చింది.

"పుల్లయ్యగారు కోలుకున్నట్టున్నారే!"

మైలడే జవాబిచ్చాడు. "మీ మాటల చలవే. తమ్ముడు అంతా చెప్పాడు. ఇన్నేళ్ళూ మాకు చెప్పేవాళ్ళు లేక చెడిపోయాం. నాయుడు అటు వెళ్ళగానే నిలబడిపోతాం. పని మర్మం తెలిసిన మేస్త్రీ ఒకరుండాలి. మీరు కాస్త మాతోపాటు తిరిగే ఈ గానుగ దూలం మీద కూర్చుని అదిలించారంటే..."

"నేనా?" నక్క గుట్ట వైపు చూసింది. "మేస్త్రీకి ఏమన్నా ముడుతుందా?"

"మేస్త్రీ చెరకు తింటుంటే గొడ్లు కాదంటాయా? రోజూ తినండి."

నక్క ఒక గడ విరుచుకుని, నాయుడు కూర్చునే చోట దర్జాగా కూర్చుంది. మొదటి చుట్టు హాయిగా గడిచింది. "కాళ్ళీడ్చకండి!" అంది. రెండో చుట్టులో "చాలా బద్ధకం పట్టేసింది మీకు" అంది. గానుగలో చెరకు లేదు, అందుకని తేలిగ్గా తిరుగుతోంది. ఎద్దులు నడక పెంచాయి. అయిదో చుట్టుకు పరుగందుకున్నాయి. పదో చుట్టుకు నక్క చేతిలోని గడ ఎగిరిపోయింది. ఇరవయ్యో చుట్టుకు తిన్నది బయటికొచ్చింది.

"ఆగండ్రా బాబూ! కళ్ళు తిరుగుతున్నాయి!"

"మీకు కొత్త కదండీ. అలవాటవుతుంది" అన్నాడు పుల్లడు.

దూకేద్దామంటే నేల ఒకచోట నిలబడటం లేదు. ముప్పయ్యో చుట్టులో అది దానంతటదే జారిపడింది. తోట నుంచి నాయుడి మనుషులు అప్పుడే వస్తున్నారు. నక్క లేచి తిన్నగా అడవి వైపు పరిగెత్తాననుకుంది. కాళ్ళు మాత్రం గుండ్రంగానే పోయాయి. రెండు చుట్లు చుట్టి కుక్కల మధ్యకు చేరింది. సగం తోకతో ప్రాణాలు దక్కించుకుంది. ఆ తర్వాత చెరకు వాసన తగిలితే చాలు, దానికి కడుపులో తిప్పేది.

ఖాళీ గానుగ దగ్గర రొప్పుతున్న ఎద్దుల్ని చూసి నాయుడికి ఏమీ అర్థం కాలేదు. కాడి విప్పేశాడు. అన్నదమ్ములిద్దరూ పాక వెనక్కి పోయి పడుకున్నారు.

నీతి: కాడి దించుకునే వేళ తెలిసినవాడే కాడిని కలకాలం మోస్తాడు, అదీ పక్కన మోసేవాడితో మాట పోగొట్టుకోకుండా ఉంటేనే.