పైడమ్మ ఆపమన్న తరిమెన

అనగనగా అది ఎంత కాలం కిందటి మాటో ఎవరూ లెక్క పెట్టలేదు గాని, సారంగపురం అనే రాజ్యంలో, కొండల్లోంచి ఏరు దిగివచ్చే మలుపు దగ్గర ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో గవరయ్య అనే తరిమెన పనివాడు, అతని అక్క పైడమ్మ కాపురం ఉండేవారు.

తరిమెనను ఈనాటి పిల్లలు చూసి ఉండరు. ఎదురెదురుగా రెండు గుంజలు, వాటికి రెండు ఇనుప మొనలు. ఆ మొనల నడుమ కర్రను బిగిస్తారు. కర్రకు తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే అది గిరగిర తిరుగుతుంది. ఎదురుగా కూర్చున్నవారు ఉలి ఆనిస్తే పొట్టు పొరలు పొరలుగా రాలి, మొరటు కర్ర కాస్తా బొంగరమో, బొమ్మో, మంచం కోడో అవుతుంది.

తల్లిదండ్రులు పోయేనాటికి గవరయ్య ఇంకా పాకుతున్నాడు. అక్కే అతన్ని పెంచింది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా, "వీడిని ఒక దారిన పడనివ్వండి, చూద్దాం" అనేది. అలా అంటూ అంటూనే ఆమె జుట్టు నెరిసింది.

గవరయ్య ఉలి పడితే పైడమ్మ తాడు లాగేది. చెక్కడం అయ్యాక ఇద్దరూ చోటు మారేవారు. అప్పుడు తమ్ముడు తాడు లాగితే, అక్క తిరిగే కర్రకు లక్క ఆనించి రంగు పట్టించేది. మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెట్టేది. ఆమె పట్టించిన ఎరుపు ఎన్నేళ్ళయినా వెలిసేది కాదు.

పైడమ్మకు ఒక అలవాటు ఉండేది. కర్రను మొనల నడుమ పెట్టేటప్పుడు ఆమె బొత్తిగా తొందర పడేది కాదు. కర్ర రెండు కొసలా బొగ్గుతో అడ్డగీత, నిలువుగీత గీసి నడిమి చూసేది. అక్కడ చిన్న గుంట చేసి నూనె చుక్క వేసేది. మొన దిగిందో లేదో వంగి చూసేది. వెనక గుంజ కదలకుండా చెక్క మేకు దిగగొట్టేది. చేత్తో ఒకసారి తిప్పి చూసి, అప్పుడు గాని తాడు అందుకునేది కాదు. కాస్త చెక్కగానే మళ్ళీ ఆపమనేది.

"మళ్ళీ ఎందుకక్కా?" అని విసుక్కునేవాడు గవరయ్య.

"తిరిగేకొద్దీ మొన కర్రను తినేస్తుందిరా. పట్టు వదులవుతుంది. మేకు మీద ఇంకొక దెబ్బ వెయ్యి" అనేది ఆమె.

చిన్నతనంలో గవరయ్య ఆ మాట వినేవాడు. కాని అతని పనితనం పేరు పొరుగూళ్ళకు పాకింది. సంతలో అతని బొమ్మలు చూసినవారంతా, "ఏం చెయ్యి, ఏం చెయ్యి" అనేవారు. ఉలి పట్టిన చేతిని మెచ్చినవారే గాని, కర్ర ఎంత బాగా బిగించారని ఎవరూ అనలేదు. వినగా వినగా గవరయ్యకూ పనంతా ఉలిలోనే ఉందనిపించింది.

ఇలా ఉండగా సారంగపురం రాజు రత్నకేతుడికి చాలా ఏళ్ళ ఎదురుచూపుల తరవాత ఆడపిల్ల పుట్టింది. పాపను వేసే ఉయ్యాల గవరయ్య చేతే చేయించాలని రాణి కోరింది. కింద కాళ్ళుగా నాలుగు కోళ్ళు, పైన పూల దండలు వేలాడదీయడానికి ఒక నిలువు కర్ర, దాని కొసన నిండుకుండలాంటి కలశం. బారసాల నాటికి అందాలి. గడువు చాలా తక్కువ.

రాజభటుడు అడవి అధికారి పంపిన కర్రలు దింపి ఈ కబురు చెప్పినప్పుడు గవరయ్య ముఖం వెలిగిపోయింది. పైడమ్మ మాత్రం కర్రల మోపు దగ్గరకు వెళ్ళి ఒక్కొక్క దాన్నీ తట్టి చూసింది.

మొదట కోళ్ళు పట్టారు. గవరయ్య గీతలు గీయకుండానే, కంటి అంచనాతో కర్రను మొనల నడుమ దూర్చాడు.

పైడమ్మ తాడు రెండుసార్లు లాగి ఆపింది. "నడిమి తప్పిందిరా. తాడు ఒక పక్కకు ఈడుస్తోంది. తీసి మళ్ళీ పెట్టు."

"ఉలి పడితే అదే సర్దుకుంటుంది. లాగక్కా" అన్నాడు గవరయ్య.

ఆమె లాగింది. కర్ర కాసేపు ఎగిరెగిరి పడింది. గవరయ్య చెయ్యి గట్టిది కాబట్టి మెల్లగా గుండ్రంగా తేలింది. కోడు చక్కగా వచ్చింది. "చూశావా?" అన్నాడు అతను. అదృష్టం వల్ల నిలిచిన పనిని గవరయ్య తన నేర్పు కింద జమ కట్టుకున్నాడు.

తరవాత నిలువు కర్ర. అది సగం అయ్యేసరికి టకటకమని చప్పుడు మొదలైంది.

"మేకు వదులైంది. ఒక్క దెబ్బ వేసి మొదలుపెడదాం" అంది పైడమ్మ.

"ఈ గాడి ఒక్కటీ పూర్తి కానీ" అన్నాడు తమ్ముడు.

గాడి పూర్తి కాలేదు. కర్ర మొనలోంచి జారి, ఎగిరి, ఇద్దరి నడుమా నేల మీద పడి దొర్లింది. గవరయ్య ఉలిక్కిపడ్డాడు, వెంటనే నవ్వేశాడు. పైడమ్మ నవ్వలేదు. కర్ర తీసి, దుమ్ము తుడిచి, చెదిరిన కొసను వేలితో తడిమింది.

"ఇది కాళ్ళ దగ్గర పడింది గవరా" అంది.

"ఏమీ కాలేదు కదక్కా" అన్నాడు అతను. నిజమే, ఏమీ కాలేదు. అందుకే ఆ మాట అతని మనసులో నిలవలేదు.

చివరకు కలశం మిగిలింది. దానికి లావుపాటి బరువైన మొద్దు కావాలి. ఉన్నవాటిలో ఒక్కటే సరిపోయింది, దానికి ఒక పక్క, కొమ్మ పుట్టిన చోట గట్టిపడిన పెద్ద ముడి. ఆ రోజే రాజభటుడు బండి తోలుకుని వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. రాజుగారి ఉయ్యాల చూడాలని ఊరి జనమంతా వాకిట్లో పోగయ్యారు.

పైడమ్మ మొద్దును చేత్తో తిప్పింది. అది కొంచెం తిరిగి, ముడి ఉన్న వైపు కిందికి వచ్చి ఆగిపోయింది. ఇంకోసారి తిప్పింది. మళ్ళీ అలాగే ఆగింది.

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. "ముడి వైపు బరువు ఎక్కువగా ఉంది. ఇలాగే తిప్పితే మొనలు ఆగవు. దింపుదాం. ఆ వైపు గొడ్డలితో కాస్త చెక్కి, మొనలు లోతుగా దింపి, మేకు మార్చి పెడదాం."

భటుడు అటూ ఇటూ కదులుతూ, "గవరయ్యా, పొద్దు వాలకముందే నేను ఏరు దాటాలి" అన్నాడు.

వాకిట్లో ఎవరో, "పైడమ్మ ఇంకా బిగిస్తూనే ఉంది" అన్నారు. కొందరు నవ్వారు.

ఆ నవ్వు గవరయ్య చెవిన పడింది. అతని ముఖం ఎర్రబడింది. "అందరి ముందూ నన్ను పసివాడిలా ఆపకక్కా. తాడు లాగు" అన్నాడు.

పైడమ్మ తమ్ముడి ముఖం కేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏదో అడగబోయి మానేసినట్టుంది. తరవాత తాడు అందుకుంది.

మొద్దు తిరిగింది. గుంజలు వణికాయి. గవరయ్య ఉలి ఆనించాడు. ఉలి ముడికి తగిలింది. వెనక మొన ఊడి, మొద్దు తాడుతో సహా పైడమ్మ వైపు ఎగిరింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంది. అడ్డం పెట్టబట్టి తలకు తగలలేదు. కుడిచెయ్యి మాత్రం మణికట్టు దగ్గర నలిగిపోయింది.

ఆమె కేక కూడా వెయ్యలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. జనం నవ్వు ఆగిపోయింది.

వైద్యుడు వచ్చాడు. బద్దలు పెట్టి కట్టు కడుతూ, "ఎలా జరిగిందయ్యా?" అని అడిగాడు.

గవరయ్య అక్క వైపు చూడకుండా, "కర్ర మంచిది కాదండీ. లోపల పుచ్చు ఉంది" అన్నాడు.

పైడమ్మ వింటూ పడుకుంది. కాదనలేదు.

మర్నాడు ఊరివాళ్ళు పరామర్శకు వచ్చి అదే అడిగారు. "పుచ్చు కర్ర. బయటికి తెలియలేదు" అన్నాడు గవరయ్య. ఈసారి మాట తేలిగ్గా వచ్చింది. అంత తేలిగ్గా వచ్చినందుకు అతనికే భయం వేసింది. పైడమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

కట్టు విప్పాక చూస్తే ఎముక అతుక్కుంది గాని వేళ్ళు తెరుచుకోలేదు. ముడుచుకునే ఉండిపోయాయి. వైద్యుడు నూనెలు రాశాడు, పసరు కట్టాడు, చివరికి తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. పైడమ్మ ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుంది. లక్క పట్టించడం మాత్రం రాలేదు. ప్రయత్నించి చూసింది. రంగు మచ్చలు మచ్చలుగా పడింది. ఆమె లక్క ముక్కను జాగ్రత్తగా తీసి గూట్లో పెట్టేసింది. అది చూసిన గవరయ్యకు ఆ పూట ముద్ద దిగలేదు.

బారసాల నాటికి అందిన ఉయ్యాలకు కలశం లేదు, రంగూ లేదు. కొన్నాళ్ళకు రాజు గవరయ్యను సభకు పిలిపించాడు.

దారిలో భటుడు అతనికి ధైర్యం చెప్పాడు. "కర్ర పుచ్చిపోయిందని చెప్పు. ఆ కర్ర మన అడవి అధికారి పంపినదే కదా. తప్పు అతని మీదికి పోతుంది. నిన్నెవరూ ఏమీ అనరు."

గవరయ్య తల ఊపాడు. సభలో నిలబడేవరకూ అలాగే చెబుదామనుకున్నాడు.

రాజు అడిగాడు. "నీ పనితనం గురించి చాలా విన్నాం. రాణి అడిగినది ఇది కాదే. ఏం జరిగింది?"

గవరయ్య నోరు తెరిచాడు. అంతలో అడవి అధికారి కనబడ్డాడు. నెరిసిన తల, చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడి ఉన్నాడు. తన మీదికి ఏం రాబోతోందో అతనికి తెలియదు. ఆ ముఖం చూశాక గవరయ్యకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఇప్పటికే ఒకరి చెయ్యి పోయింది, ఇప్పుడు ఇంకొకరి మంచిపేరు కూడా పోవాలా అనిపించింది.

"మహారాజా, కర్ర మంచిదే" అన్నాడు. "నేనే సరిగా బిగించలేదు. మా అక్క ఆపమంది. ఒకసారి కాదు, మొదటి కోడు నాటి నుంచీ చెబుతూనే ఉంది. నలుగురూ చూస్తుండగా ఆగడం చిన్నతనమనుకున్నాను. ఆమె చెయ్యి పోయింది. అది నా వల్ల పోయింది. ఆ తరవాత అడిగినవారందరికీ అబద్ధం చెప్పాను."

రాజు అడవి అధికారి వైపు చూశాడు.

"నువ్వు అబద్ధం చెప్పి ఉంటే ఈ పెద్దాయన కొలువు పోయేది" అన్నాడు. "నిజం చెప్పావు కాబట్టి నీకు శిక్ష వెయ్యను. వెయ్యవలసినంత శిక్ష నీ ఇంట్లోనే ఉన్నట్టుంది. ఉయ్యాల ఎలా ఉందో అలాగే ఉండనీ. మా పాప అందులోనే నిద్రపోతోంది. ఇక నుంచి ఈ రాజ్యంలో ఏ తరిమెన దగ్గరైనా, తాడు లాగేవారు సరే అన్నాకే ఉలి పట్టినవారు పని మొదలుపెట్టాలి. ఈ ఆజ్ఞ ఊరూరా నువ్వే వెళ్ళి చెప్పు. ఎందుకు పుట్టిందో కూడా చెప్పు."

అడవి అధికారి సభ బయట గవరయ్య చెయ్యి పట్టుకున్నాడు. గవరయ్యకు గుండె బరువు కాస్త దిగినట్టయింది. ఆ తేలికతోనే గబగబా ఇంటికి నడిచాడు.

పైడమ్మ అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో బియ్యం ఏరుతోంది.

"అక్కా, రాజుగారి దగ్గర అంతా చెప్పేశాను. తప్పు నాదేనని చెప్పాను" అన్నాడు.

ఆమె చేట పక్కన పెట్టింది. "మంచిపని చేశావు" అంది. తరవాత మెల్లగా అడిగింది. "వైద్యుడితో అబద్ధం చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఊరివాళ్ళతో చెప్పినప్పుడూ వింటూనే ఉన్నాను. నిజం మాత్రం నేను లేని చోట చెప్పి వచ్చావేంరా?"

గవరయ్య ఇన్నాళ్ళూ అందరికీ ఏం చెప్పాలా అని ఆలోచించాడు గాని, అక్కకు ఒక మాట చెప్పాలని అతనికి తట్టనే లేదు. మెట్టు మీద ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ముడుచుకున్న ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నువ్వు ఆపమన్నావు. నేను వినలేదు. నీ చెయ్యి పోగొట్టాను అక్కా" అన్నాడు.

పైడమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఆ మొద్దు ఆగదని నాకూ తెలుసురా" అంది. "తెలిసీ తాడు లాగాను. నలుగురిలో నీ మాట తీసెయ్యలేకపోయాను. అప్పుడే తాడు కింద పడేసి ఉంటే, కాసేపు నీకు కోపం వచ్చేది. అంతే."

ఆ మాట గవరయ్యకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

తరవాత గవరయ్య రాజాజ్ఞ ప్రకారం ఊరూరా తిరిగాడు. ప్రతి తరిమెన దగ్గరా ఆగి, కర్రకు నడిమి ఎలా చూడాలో, మేకు ఎప్పుడు బిగించాలో, తాడు లాగేవారి మాట ఎందుకు వినాలో చెప్పాడు. చెప్పిన ప్రతిచోటా అక్క పేరు చెప్పాడు. అతని మాట విన్న పనివాళ్ళలో ఎందరి చేతులు నిలిచాయో ఎవరికి తెలుసు. కాని ఇంటికి వచ్చినప్పుడల్లా పైడమ్మ ఎడమచేత్తో కంచం పెట్టేది, అతను తల వంచుకుని తినేవాడు. ఆ వేళ్ళు మాత్రం చివరిదాకా తెరుచుకోలేదు.

పిల్లలూ, తప్పు ఒప్పుకున్నవాడికి మన్నన దొరుకుతుంది గాని పోయినది తిరిగి రాదు. అందుకే మనల్ని ఆగమనే మాటను, పని మొదలుపెట్టకముందే ఆగి వినాలి.