పనసచెట్టుకి ఆకుల పరుపు

నేను ఇదివరకెప్పుడూ ఏదీ రాయలేదు. నా చదువు ఐదో తరగతితో సరి. కానీ మా ఇంటి తెలివి గురించి ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా. మిగతా ముగ్గురికీ ఆ తెలివి వాడుకోవడంలోనే పొద్దు గడిచిపోతోంది, తీరికెక్కడిది.

ముగ్గురంటే మా అత్తగారు మంగాయమ్మగారు, మా ఆయన, మా మరిది గవర్రాజు. ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చేస్తాం. ఊళ్ళోవాళ్ళు సగం విని సగం వదిలేస్తారు. మేం ఆ బాపతు కాదు.

అత్తగారు కాపరానికొచ్చిన ఏడు నాటిన పనసచెట్టు మా పెరట్లో ఉంది. ఈ ఎండలకి అది వడిలిపోయింది. మళ్ళీ చిగురిస్తేగాని అన్నం ముట్టనని ఆవిడ వట్టి మజ్జిగ మీదే ఉంటున్నారు. రెండు రోజులకే మనిషి సగమయ్యారు. మాకు భయం పట్టుకుంది.

నర్సరీ ఆయన్ని పిలిస్తే, చెట్టు చుట్టూ జానెడు మందాన ఎండుటాకులు పరవమన్నాడు. నేల చల్లగా ఉంటుందట.

"ఒక్క ఆకు కూడా మొదలుకి తగలకూడదమ్మా. తగిలితే కుళ్ళిపోద్ది" అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

చూస్తే పెరట్లో గుప్పెడు ఎండుటాకులు లేవు. పక్కింటివాళ్ళ బాదంచెట్టు కింద గుట్టలున్నాయి, పట్టుకెళ్ళమన్నారు కూడా. మన చెట్టుకి ఇంకోళ్ళ ఆకులేంటి, పరువు తక్కువ అన్నారు మా ఆయన. అంతే, గవర్రాజు చెట్టెక్కి ఉన్న ఆకులన్నీ దూసేశాడు. డాబా మీద రెండు రోజులు ఎండబెట్టి, తెచ్చి పరిచాం. పైన బోడిగుండు, కింద పరుపు. నీడ పోయిందిగాని, జానెడు మాత్రం జానెడే.

ఇంతలో గాలి లేచింది. ఆకులు మొదలు వైపు జరుగుతున్నాయి. ఇంకేముంది, వాటిని తరుముదామని నేను విసనకర్రతో విసిరితే, అవి నేరుగా పోయి మొదలుకే అంటుకున్నాయి. నీకు విసరడం రాదు వదినా అని గవర్రాజు అటునించి విసిరాడు. మా ఆయన ఇంకో పక్కనించి అందుకున్నారు.

మంచం మీంచి అత్తగారు నీరసంగా అడిగారు. "మీరు విసిరేది చెట్టుకా, పొయ్యికా?"

"పొయ్యికైతే ఈపాటికి అన్నం ఉడికేది. నువ్వు తినవు గదమ్మా" అన్నాడు గవర్రాజు.

సాయంత్రానికి ఆకులు సగం వీధిలో ఉన్నాయి. మర్నాడు వాన కురిసి, మిగిలిన సగం తడిసి బరువెక్కి, మొదలుకి ఎడంగా కదలకుండా కూర్చున్నాయి. ఎనిమిదో రోజుకి బోడిమాను మీద, కిందనించి పైదాకా లేత చిగుళ్ళు వచ్చాయి. అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాం. ఆవిడ కళ్ళు తుడుచుకుని, పప్పూ ఆవకాయా కలుపుకుని రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. ఇది వాన వల్ల కాదు, మన విసనకర్రల వల్లే అని మా ఆయన తేల్చారు.

నాకు మాత్రం గుబులు. ఆ చిగుళ్ళన్నీ మొదలుకే అంటుకుని ఉన్నాయి. అందరూ అంత సంతోషంగా ఉంటే పైకి అనడానికి మొహమాటపడ్డాను. పొద్దున్నే, అత్తగారు లేవకముందే, నిచ్చెన వేసుకుని ఒక్కటి కూడా మిగల్చకుండా గిల్లేశాను.