అమ్మగారి కారు చప్పుడు

ఒక జమీందారుకి నాలుగు సిలిండర్ల కారు ఉండేది. దాని చప్పుడు వినగానే ఆయన భార్య గుమ్మంలోకి వచ్చేది. ఆమె పోయాక ఆయన డ్రైవరు దస్తగిరిని పిలిచి, "ఇక ఆ కారు ఎవరూ ఎక్కకూడదు. చప్పుడు మాత్రం రోజూ సాయంత్రం నాకు వినపడాలి" అన్నాడు.

ఆ ఏడు కరువొచ్చింది. ఒకనాడు భార్య గుర్తుకొచ్చి జమీందారు షెడ్డు తలుపు తీస్తే కారులో ఇంజను లేదు. అది షెడ్డు వెనక బావి దగ్గర నీళ్లు తోడుతోంది.

"నా మాటంటే లెక్కలేదా?" అన్నాడు దస్తగిరితో.

"కారు ఎవరూ ఎక్కలేదు దొరా. చప్పుడు ఏ సాయంత్రమైనా ఆగిందా?"

"ఆగలేదు."

"ఊరికే తిరిగే ఇంజనే కదా అని పంపుకి తగిలించాను. అప్పట్లో ఈ చప్పుడుకి అమ్మగారొక్కరే గుమ్మంలోకి వచ్చేవారు. ఇప్పుడు ఊళ్లో ఆడవాళ్లంతా బిందెలు పట్టుకుని గుమ్మాల్లోకి వస్తున్నారు."

జమీందారు ఆ గుమ్మాల వైపు చూశాడు.

"పొద్దున కూడా ఆడించు" అన్నాడు.