తూర్పు గది గోడ

ఓబులేసు కొన్న ఇంట్లో ఒక గోడ మాట వినడం లేదు.

ప్రొద్దుటూరులో పాతబడిన ఇళ్లు కొని, బాగుచేసి అమ్మే పీరాన్ సాహెబ్ పేరు తెలియనివాళ్లు లేరు. ఆయన చేయి పడ్డ ఇల్లంటే జనం బేరమాడేవాళ్లు కాదు. ఓబులేసు ఏడేళ్లు ఆయన దగ్గరే తాపీ పట్టి బేల్దారి పని నేర్చుకున్నాడు. ఈ సంవత్సరం ఉస్తాద్ దీవెన తీసుకుని సొంతంగా మొదటి ఇల్లు కొన్నాడు. పెట్టుబడి కలప అడితి నాగిశెట్టిది, పని ఓబులేసుది, లాభం చెరిసగం. ఆరు నెలల్లో అమ్మేయాలని మాట.

పైకప్పు మారింది. బండలు మారాయి. కరెంటు తీగలన్నీ గోడల్లోకి వెళ్లాయి. తూర్పు గది గోడలో మాత్రం కప్పు నుంచి కిటికీ దాకా ఒక బీట. మూడుసార్లు పూడ్చాడు. మూడుసార్లూ వారం తిరక్కుండా విచ్చుకుంది. కింద పునాది దిగుతోందని అతనికి తెలుసు. దాన్ని తవ్వి సరిచేయాలంటే ఇంకో రెండు నెలలు పడుతుందనీ తెలుసు. నాలుగోసారి ఇనుప జాలీ కొట్టి, సిమెంటు పూసి, లప్పం పెట్టి, పైన లేత పసుపు రంగు వేయించాడు. వేలితో తడిమినా తెలియకుండా పోయింది.

ఇల్లు నచ్చిన టీచరు దంపతులు బయానా ఇవ్వడానికి సాయంత్రం నాలుగింటికి వస్తామన్నారు. ఆ మధ్యాహ్నమే ఓబులేసు వెళ్లి ఉస్తాద్‌ను పిలుచుకొచ్చాడు.

పీరాన్ సాహెబ్ ప్రతి తలుపూ తీసి మూసి చూశాడు. వంటింటి గట్టు మీద అరచేయి ఆనించి వాలు చూశాడు.

"నా చేతిలో కూడా ఇంత నున్నగా రాదు బేటా," అన్నాడు.

ఓబులేసు పొంగిపోయాడు. ఆ ఊపులోనే తూర్పు గదిలోకి తీసుకెళ్లి, "ఇది పడకగది ఉస్తాద్. మంచం ఇక్కడ పడుతుంది. తల ఇటు వస్తుంది," అంటూ గోడవైపు చూపించాడు.

ముసలాయన గోడను తాకలేదు. దానివైపు చూసినట్టు కూడా లేదు. "భోంచేసి వచ్చానా, నిద్ర ముంచుకొస్తోంది," అంటూ భుజం మీది తువ్వాలు దులిపి బండల మీద పరిచాడు. గోడవైపు తల పెట్టి పడుకుని కళ్లు మూసుకున్నాడు.

ఓబులేసు గుమ్మంలోనే ఆగిపోయాడు. తనకు ఇటుక పట్టుకోవడం నేర్పిన మనిషి. ఆ నెరిసిన తలకీ గోడకీ మధ్య జానెడు దూరం. రోడ్డు మీద లారీ ఏదో వెళ్లింది, కిటికీ అద్దం సన్నగా అదిరింది.

"ఉస్తాద్, హాల్లో పడుకోండి. ఫ్యాను ఉంది."

"ఇక్కడ బాగుంది."

"అటు తల వద్దు ఉస్తాద్."

పీరాన్ సాహెబ్ కళ్లు తెరవలేదు. "తల ఇటు వస్తుందని నువ్వే కదా బేటా అన్నావు."

ఓబులేసు వంగి, ఆయన చేయి పట్టుకుని మెల్లగా లేపాడు. ఆయన లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

ఓబులేసు అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. "శెట్టిగారూ, ఇల్లు ఇంకా కాలేదు. పునాది తవ్వాలి. రెండు నెలలు పడుతుంది. ఆ ఖర్చు నా వాటాలో పట్టుకోండి."

నాగిశెట్టి అరుపులు గదంతా వినిపించాయి. ఓబులేసు అడ్డు చెప్పకుండా చివరిదాకా విన్నాడు. చాలాసేపటికి అవతలి గొంతు తగ్గింది. "ముందే చెప్పి ఉంటే బాగుండేది. సరే, కానివ్వు," అని పెట్టేశాడు శెట్టి.

ఓబులేసు సుత్తి, ఉలి తెచ్చాడు. మొదటి దెబ్బకే పసుపు పెళ్ల ఊడిపడింది. లోపల బీట అప్పటికే వేలు పట్టేంత వెడల్పైంది. పీరాన్ సాహెబ్ చొక్కా చేతులు మడిచి, పక్కనే చేరి మరో ఉలి అందుకున్నాడు.

నాలుగింటికి గేటు చప్పుడైంది. గదంతా దుమ్ము. ఓబులేసు ఉస్తాద్ వైపు చూశాడు.

ఆయన పని ఆపలేదు. "పో, నీ ఇల్లు చూపించు," అన్నాడు.

ఓబులేసు చేతులు కడుక్కుని టీచరు దంపతులకు ఎదురెళ్లాడు. కొత్త వంటింటి దగ్గర ఆగలేదు. వాళ్లను నేరుగా తూర్పు గది గుమ్మం దాకా తీసుకొచ్చాడు.

"ముందు ఇది చూడండి సార్," అన్నాడు.